రాజ్యాంగంలో రాయని మాట

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కూర్చుని అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళు అందులో 'బానిస' అన్న మాట ఎక్కడా రాకుండా జాగ్రత్తపడ్డారు. రాసినవాళ్ళలో దాదాపు సగంమందికి బానిసలున్నారు. జనాభా లెక్క దగ్గర 'ఇతర వ్యక్తులు' అన్నారు. పారిపోయినవాళ్ళని వెనక్కి అప్పగించాలన్న చోట 'పనికి కట్టుబడిన వ్యక్తి' అన్నారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో మనుషుల్ని తెచ్చి అమ్మే వ్యాపారానికి ఇరవై ఏళ్ళ గడువిచ్చిన చోట 'ఇప్పుడున్న రాష్ట్రాలు రానివ్వదలుచుకున్న వ్యక్తులు' అన్నారు. మనిషి మీద మనిషికి ఆస్తిహక్కు ఉండొచ్చన్న భావన రాజ్యాంగంలో కనిపించకూడదని మాడిసన్ ఆ సభలోనే వాదించాడు. ఆయనకీ బానిసలున్నారు. మొత్తానికి ఆ మాట అమెరికా రాజ్యాంగంలోకి రావడానికి 1865 దాకా పట్టింది. వచ్చింది కూడా, ఇకమీదట బానిసత్వం ఉండదు అని చెప్పడానికే.

మధ్యలో ఉన్న ఆ 78 ఏళ్ళ గురించి నాలాంటి తెలుగు మీడియం వాళ్ళకి తెలిసింది ఒక్క వాక్యం: లింకన్ బానిసలని విడిపించాడు. దాంతోపాటు, లింకన్ తన కొడుకు టీచరుకి రాశాడంటూ చాలా స్కూళ్ళ గోడల మీద ఫ్రేము కట్టి పెట్టిన ఉత్తరం ఒకటి. ఆ ఉత్తరం లింకన్ రాశాడనడానికి ఆధారం ఏమీ లేదు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. అది పోతే పోయింది గానీ, ఆ ఒక్క వాక్యం మాత్రం కథని తలకిందులు చేస్తుంది. యుద్ధం అక్కడ ఏదో ఒక మంచివాడు ఒక మంచిపని మొదలుపెట్టడం వల్ల వచ్చినట్టు ఉంటుంది. అసలు సంగతి అది కాదు. ఒక దేశం ఒక ప్రశ్నకి సమాధానం చెప్పకుండా డెబ్భై ఏళ్ళకి పైగా సర్దుబాట్లతో నెట్టుకొచ్చింది. సర్దుబాటు చేసిన ప్రతిసారీ ప్రశ్న ఇంకాస్త పెద్దదయింది. మా వృత్తిలో దీన్ని 'వర్కరౌండ్' అంటాం. అసలు లోపాన్ని ముట్టుకోకుండా పైన ఇంకో పొర వేసి, ఈ రిలీజుకి గండం గడిస్తే చాలనుకోవడం.

ముందు ఒక మాట. బానిసత్వం అనగానే మనకి గుర్తొచ్చేది వెట్టి. వెట్టి కూడా భయంకరమైనదే, దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ అమెరికాలో జరిగింది వేరే రకం. అక్కడ మనిషి చరాస్తి. తాకట్టు పెట్టొచ్చు, అప్పులకి జప్తు చెయ్యొచ్చు, వీలునామాలో పంచొచ్చు, ఇన్సూరెన్సు చేయించొచ్చు. తల్లి బానిస అయితే బిడ్డ బానిసే, తండ్రి ఎవరైనా సరే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. ఆ తండ్రి యజమానే అయినా అంతే. అంటే యజమాని చేసిన అత్యాచారం కూడా అతని ఆస్తిని పెంచుతుంది. ఈ లెక్క అర్థం చేసుకుంటే తప్ప, దక్షిణాది రాష్ట్రాలు దేనికి అంత పట్టుబట్టాయో అర్థం కాదు.

రాజ్యాంగం ఇచ్చిన మొదటి సర్దుబాటు అందరికీ తెలిసినదే. ప్రతినిధుల సభలో సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసలని ముగ్గురిగా లెక్కపెట్టడం. దీన్ని చాలామంది 'నల్లవాడిని మూడువంతుల మనిషిగా చూశారు' అని చెప్తారు. అది అవమానం గురించిన వ్యాఖ్యగా బావుంటుంది గానీ, అసలు బేరం అది కాదు. బానిసలని పూర్తిగా లెక్కపెట్టమన్నది యజమానులు. అసలు లెక్కపెట్టొద్దన్నది ఉత్తరాది వాళ్ళు. ఓటు లేని మనుషుల పేరుతో వాళ్ళ యజమానులకి అదనంగా సీట్లు, దాని ద్వారా అధ్యక్షుడి ఎన్నికలో అదనంగా ఓట్లు వచ్చాయి. అధ్యక్షుల్లో 12 మంది తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బానిసలు ఉన్నవాళ్ళే.

అప్పట్లో చాలామంది ఇది దానంతటదే పోతుందనుకున్నారు. అలా అనుకోవడానికి కారణాలున్నాయి. పొగాకు వేసీ వేసీ వర్జీనియా భూములు చవుడుబారాయి. ఉత్తరాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా బానిసత్వాన్ని రద్దు చేస్తున్నాయి. 1808 నుంచి ఆఫ్రికా వ్యాపారమూ ఆగిపోయింది. కానీ ఈలోగా 1793లో ఇలై విట్నీ పత్తి గింజలు తీసే యంత్రం చేశాడు. పొట్టి పింజ పత్తిలో గింజ దూదికి గట్టిగా అంటుకుని ఉంటుంది. చేత్తో వలిస్తే మనిషికి రోజంతా పట్టే పని. యంత్రం దాన్ని పదుల రెట్లు పెంచింది. గుంటూరు వైపు జిన్నింగు మిల్లులు చూసినవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. 1790లో కొన్ని వేల బేళ్ళుగా ఉన్న పత్తి పంట 1860కి 40 లక్షల బేళ్ళ దరిదాపుకి చేరింది. అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తే. 1790లో 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860కి 39 లక్షల 50 వేలు దాటింది.

ఆఫ్రికా నుంచి ఓడలు ఆగినా వాళ్ళు పత్తి నేలలకి చేరడం ఎలా జరిగింది? వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి అలబామా, మిసిసిపీ, లూసియానాకి అమ్మకం ద్వారా. కాళ్ళకీ చేతులకీ గొలుసులు వేసి, బారులు కట్టించి, వందల మైళ్ళు నడిపించేవాళ్ళు. అలా పది లక్షల మందిని తరలించారని అంచనా. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట. నేనుండే ఉత్తర వర్జీనియాలో, మనవాళ్ళు వేలల్లో ఉన్న ఈ సబర్బుల పక్కనే, అలెగ్జాండ్రియా ఊళ్ళో ఆ వ్యాపారం చేసిన పెద్ద కంపెనీ భవనం ఇప్పటికీ ఉంది. ఫ్రాంక్లిన్ అండ్ ఆర్మ్‌ఫీల్డ్. ఇప్పుడది మ్యూజియం. డ్యూక్ స్ట్రీట్‌లో ఉంటుంది. వీకెండుకి డీసీ చూడ్డానికి వచ్చే చుట్టాలని నేను అక్కడికి కూడా తీసుకెళ్తాను. కొందరు మొహమాటానికి వస్తారు.

ఉత్తరాది చేతులకి మట్టి అంటలేదని కాదు. ఆ పత్తిని నేసింది మసాచుసెట్స్ మిల్లులు, ఆ పంటకి అప్పులిచ్చింది, ఓడలు నడిపింది న్యూయార్క్ వర్తకులు. అందుకే చాలాకాలం ఉత్తరాదిలో బానిసత్వ నిర్మూలనవాదులంటే జనానికి చిరాకే. వాళ్ళ సభల మీద రాళ్ళేశారు, ప్రెస్సులు తగలబెట్టారు. దేశాన్ని చీల్చింది నిర్మూలనవాదులు అనే వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినిపిస్తుంది. వాళ్ళెప్పుడూ మైనారిటీయే. సామాన్య ఉత్తరాది తెల్లవాడిని కదిలించింది వాళ్ళ ఉపన్యాసాల కంటే, ఆ ఉపన్యాసాలని ఆపడానికి దక్షిణాది చేసిన పనులు అని నా అభిప్రాయం.

ఉదాహరణకి 1835లో నిర్మూలనవాదుల కరపత్రాలు పోస్టులో చార్ల్స్‌టన్ చేరితే, అక్కడి జనం పోస్టాఫీసు నుంచి సంచీలు లాక్కెళ్ళి తగలబెట్టారు. మరుసటి ఏడు ప్రతినిధుల సభ ఒక నియమం పెట్టింది: బానిసత్వం మీద వచ్చే అర్జీలు వేటినీ సభలో చదవకూడదు, చర్చించకూడదు. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ అప్పటికి మామూలు సభ్యుడిగా ఉన్నాడు. వయసు డెబ్భైకి దగ్గర. ప్రతి సమావేశంలోనూ ఏదో ఒక మెలిక పెట్టి అర్జీలు తెచ్చేవాడు. ఒకసారి, బానిసలు స్వయంగా పంపిన అర్జీ తీసుకోవచ్చా అని స్పీకర్ని అమాయకంగా అడిగి సభని అట్టుడికించాడు. ఆయనకి 1836లో ఉన్న మద్దతు తక్కువ. 1844లో ఆ నియమం రద్దయ్యేటప్పటికి ఉత్తరాది సభ్యుల్లో చాలామంది ఆయన వైపు వచ్చారు. వాళ్ళందరూ నల్లవాళ్ళ మీద ప్రేమ పుట్టి వచ్చినవాళ్ళు కారు. అర్జీ పెట్టుకునే తమ హక్కు పోతోందని వచ్చినవాళ్ళు.

పార్టీల కంటే ముందు చర్చిలు చీలాయి. 1844లో మెథడిస్టులు, 1845లో బాప్టిస్టులు. బాప్టిస్టులు చీలింది చాలా సూటి ప్రశ్న మీద: బానిసలున్న మనిషిని మిషనరీగా పంపొచ్చా? కుదరదని మిషను బోర్డు చెప్పడంతో దక్షిణాది వాళ్ళు వేరుకుంపటి పెట్టుకున్నారు. దీనికీ మనకీ ఒక ముడి ఉంది. అప్పటికే శామ్యూల్ డే నెల్లూరులో తెలుగు మిషన్ నడుపుతున్నాడు. చీలిక తర్వాత ఆ మిషన్ ఉత్తరాది వాళ్ళ వైపు ఉండిపోయింది. యుద్ధం ముగిసే ఏడాది ఇటు వచ్చిన జాన్ క్లౌ ఒంగోలు చేరి మాదిగల మధ్య పనిచెయ్యడం, కరువు తర్వాత 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం, ఇవన్నీ ఒంగోలు ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంగతులే. బానిస యజమానిని పంపమని తేల్చుకున్న సంఘం పంపిన మనిషి అంటరానివాళ్ళ మధ్యకి రావడం యాదృచ్ఛికమో కాదో నేను చెప్పలేను. కానీ ఆ తేల్చుకోవడం జరిగిందన్నది మన స్థానిక చరిత్రలు రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

1820 నాటి మిస్సోరీ ఒప్పందం గురించి క్లుప్తంగా: దేశం పడమటికి పెరుగుతుంటే కొత్త రాష్ట్రాలు ఏ వైపు చేరాలన్నది గొడవ. మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చి సెనేట్‌లో సమానం చేశారు. మిగిలిన లూసియానా ప్రాంతంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైన బానిసత్వం ఉండదన్నారు. మ్యాపు మీద గీత గీసి నైతిక సమస్యని తీర్చడం. ముప్ఫై ఏళ్ళు నడిచింది. తర్వాత మెక్సికో మీద యుద్ధంచేసి బోలెడంత కొత్తనేల సంపాదించేసరికి గీత చాల్లేదు. 1850లో మళ్ళీ బేరం. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా వచ్చింది. బదులుగా దక్షిణాది అడిగి పుచ్చుకున్నది పరారీ బానిసల చట్టం.

ఈ చట్టం గురించి కాస్త ఆగి చెప్పాలి. నాకు అర్థమైనంతలో, మెదడులో ఉన్న తగాదాని వీధిలోకి తెచ్చింది ఇదే. పారిపోయి బోస్టన్‌లోనో ఫిలడెల్ఫియాలోనో బతుకుతున్న మనిషిని, ఇతను నా బానిస అని ఎవరైనా కాగితం తీసుకొస్తే కమిషనర్ ముందు నిలబెడతారు. జ్యూరీ ఉండదు. పట్టుబడిన మనిషి సాక్ష్యం చెల్లదు. అతన్ని బానిసే అని పంపించేస్తే కమిషనరుకి 10 డాలర్ల ఫీజు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. రెండోదానిలో రాతకోతలు తక్కువ కాబట్టి ఫీజు తక్కువ అని సమర్థించుకున్నారు! అడ్డుపడినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరునెలల దాకా జైలు. పైగా, మార్షల్ పిలిస్తే దారినపోయే ఎవడైనా సరే వెళ్ళి పట్టుకోవడానికి సాయం చెయ్యాలి. నాకు సంబంధం లేదు అనే వెసులుబాటు ఉత్తరాది మనిషికి లేకుండా చేసిందీ చట్టం.

1854 మే 24న బోస్టన్‌లో ఆంథోనీ బర్న్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడిని పట్టుకున్నారు. వర్జీనియా నుంచి ఓడలో దాక్కుని వచ్చాడు. బట్టల షాపులో పని. తన అన్నకి రాసిన ఉత్తరం యజమాని చేతిలో పడి దొరికిపోయాడు. రెండు రోజుల తర్వాత నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కోర్టు తలుపులు బద్దలుకొట్టారు. ఒక కాపలావాడు చనిపోయాడు గానీ బర్న్స్‌ని తేలేకపోయారు. జూన్ 2న అతన్ని రేవుకి నడిపించారు. ఒక్క మనిషిని ఓడెక్కించడానికి వీధులనిండా సైనికులు, ఫిరంగి. చూడ్డానికి వచ్చిన జనం 50 వేలని అప్పటి అంచనా. కొట్ల కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. ఏమస్ లారెన్స్ అనే బట్టల మిల్లుల ఆసామి ఆ రోజుల్లో రాసిన ఉత్తరంలో, రాత్రి పాతకాలపు రాజీపడే మనుషులుగా పడుకుని పొద్దున వెర్రెత్తిన నిర్మూలనవాదులుగా లేచాం అనే అర్థంలో అన్నాడు. ఈయన తినే తిండి దక్షిణాది పత్తి మీద వచ్చింది. ఈ ఒక్క మనిషి మారడం నాకు పెద్ద పెద్ద నాయకుల ఉపన్యాసాలకంటే ఎక్కువ చెప్పింది. (బర్న్స్‌ని మరుసటి ఏడాది చందాలు పోగుచేసి కొని విడిపించారు. 1,300 డాలర్లు.)

సరిగ్గా ఆ వారంలోనే, మే 30న, కాన్సస్-నెబ్రాస్కా చట్టం మీద సంతకం అయింది. షికాగో నుంచి పడమటికి రైలు వెయ్యాలని ఇల్లినాయి సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌కి కోరిక. దానికి అక్కడ ప్రభుత్వం ఏర్పడాలి. దక్షిణాది ఓట్లు కావాలి. అందుకని 1820 నాటి గీతని చెరిపేసి, బానిసత్వం కావాలో వద్దో అక్కడ స్థిరపడేవాళ్ళే ఓటేసి తేల్చుకుంటారు అన్నాడు. వినడానికి ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏముంటుంది? అక్కడ బానిసలుగా ఉండాల్సినవాళ్ళకి ఓటు లేదన్న సంగతి అలా ఉంచండి, ఉన్న ఓట్లేనా సరిగ్గా పడ్డాయా? 1855 మార్చి ఎన్నికల్లో కాన్సస్‌లో అర్హత ఉన్న ఓటర్లు సుమారు 2,900. పోలైన ఓట్లు 6,300. మిగతావాళ్ళు మిస్సోరీ నుంచి తుపాకులతో సరిహద్దు దాటొచ్చి ఓటేసి వెళ్ళిన మనుషులు. రిగ్గింగు గురించి మనకి ఎవరూ వివరించక్కర్లేదు. అటునుంచి లారెన్స్ లాంటివాళ్ళు డబ్బిచ్చి స్వేచ్ఛా రాష్ట్రం కావాలనే జనాన్ని పంపారు. వాళ్ళు కట్టుకున్న ఊరికి ఆయన పేరే పెట్టారు. ఆ ఊరిని 1856 మే 21న దోచి తగలబెట్టారు. మరునాడే వాషింగ్టన్‌లో, కాన్సస్ మీద ఘాటుగా మాట్లాడిన మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ని, సౌత్ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్‌లో ఆయన సీటు దగ్గరే చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. బ్రూక్స్ రాజీనామా చేస్తే ఓటర్లు మళ్ళీ గెలిపించారు. అభిమానులు కొత్త కర్రలు కానుకగా పంపారు. రెండురోజులు తిరక్కుండా కాన్సస్‌లో జాన్ బ్రౌన్, అతని మనుషులూ ఐదుగురు బానిసత్వ అనుకూలుర్ని ఇళ్ళలోంచి లాక్కొచ్చి కత్తులతో నరికి చంపారు. తర్వాత హార్పర్స్ ఫెర్రీ మీద దాడిచేసి ఉరికంబం ఎక్కింది ఇతనే. అతన్ని వీరుడిగా రాసేవాళ్ళు ఈ రాత్రిని దాటేసి వెళ్ళడం నాకు నచ్చదు.

ఇక పార్లమెంటరీ దారి మూసుకుపోవడం. దేశమంతటా ఉన్న రెండు పార్టీల్లో విగ్ పార్టీ కాన్సస్ చట్టం దెబ్బకి చచ్చిపోయింది. దాని స్థానంలో వచ్చిన రిపబ్లికన్ పార్టీకి దక్షిణాదిలో ఉనికే లేదు. 1857 మార్చి 6న సుప్రీం కోర్టు, డ్రెడ్ స్కాట్ కేసులో మిగిలిన తలుపు కూడా వేసేసింది. సైన్యంలో డాక్టరుగా ఉన్న యజమానితో ఇల్లినాయిలో, ఆ పైన విస్కాన్సిన్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి బతికిన స్కాట్, స్వేచ్ఛా నేలమీద ఉన్నాం కాబట్టి మేం స్వేచ్ఛాజీవులం అని భార్య హారియెట్‌తో కలిసి 1846లో కోర్టుకెళ్ళాడు. ఇలాంటి కేసులు మిస్సోరీలో అంతకుముందు చాలామంది గెలిచారు కూడా. పదకొండేళ్ళ తర్వాత ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ చెప్పింది: నల్లవాడు, స్వతంత్రుడైనా సరే, అమెరికా పౌరుడు కాలేడు, టెరిటరీలలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం అసలు కాంగ్రెసుకే లేదు. అంటే రిపబ్లికన్ పార్టీ ఏ ఒక్క పని కోసం పుట్టిందో ఆ పని రాజ్యాంగ విరుద్ధం. టానీ వయసులో ఉండగా తన బానిసలని విడిపించిన మనిషి. గొడవని కోర్టు ఒక్క దెబ్బతో తేల్చేస్తే అందరూ సర్దుకుంటారని నిజంగానే నమ్మినట్టుంది.

ఇప్పుడు అసలు వాదన దగ్గరకొస్తాను. యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం అనేమాట ఇక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆఫీసులో చదువుకున్నవాళ్ళే అన్నారు నాతో. మనవాళ్ళలో కూడా కొందరికి ఇది నచ్చుతుంది, రాష్ట్రాల హక్కులు అనగానే ఢిల్లీ పెత్తనం గుర్తొస్తుంది కాబట్టి. ఈ మాటకి సమాధానం చరిత్రకారుల దగ్గర వెతుక్కోనక్కర్లేదు. విడిపోయిన రాష్ట్రాలు తామెందుకు విడిపోతున్నామో కాగితం మీద రాసి అచ్చువేశాయి. సౌత్ కరోలినా, మిసిసిపీ, జార్జియా, టెక్సస్ రాసినవి నెట్‌లో దొరుకుతాయి, గంటలో చదివెయ్యొచ్చు.

సౌత్ కరోలినా ప్రకటన మీద తేదీ 1860 డిసెంబరు 24. అది చదివితే ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. రాష్ట్రాలకి హక్కులు లేకుండా పోతున్నాయన్నది కాదు వాళ్ళ ఫిర్యాదు. ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కులని మరీ ఎక్కువ వాడుకుంటున్నాయని. పరారీ బానిసల చట్టాన్ని అమలు కాకుండా తమ తమ శాసనసభల్లో చట్టాలు చేశాయట. న్యూయార్క్ తన మీదుగా బానిసలని తీసుకెళ్ళనివ్వడం లేదట. కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్ళకి ఓటుహక్కు ఇస్తున్నాయట. నిర్మూలనవాద సంఘాలని మూయించడం లేదట. నిజానికి రాష్ట్రాల హక్కుల జెండా అప్పట్లో ఎవరైనా పట్టుకున్నారంటే అది విస్కాన్సిన్. పరారీ చట్టం రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. 1859లో కేంద్రపు సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. రాసింది టానీయే.

మిసిసిపీ వాళ్ళు ఇంకా సూటిమనుషులు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక ప్రయోజనమైన బానిసత్వంతో తమ స్థితి పూర్తిగా ముడిపడి ఉందని మొదట్లోనే చెప్పేశారు. సుంకాలు కారణం అని ఇంకొందరు అంటారు. 1857 సుంకాలు కొన్ని దశాబ్దాలలో అతి తక్కువ. సుంకాలు పెంచిన చట్టం 1861 మార్చిలో, ఏడు రాష్ట్రాలు వెళ్ళిపోయాక, వాళ్ళ సెనేటర్లు ఖాళీచేసిన సీట్ల వల్ల తేలిగ్గా పాసైంది. ఆ ఏడు రాష్ట్రాలు రాసుకున్న కొత్త రాజ్యాంగం పాతదాన్ని చాలావరకు మక్కీకి మక్కీ దించింది గానీ, ఒక తేడా. పాతవాళ్ళు సిగ్గుపడి రాయని మాటని వీళ్ళు ధైర్యంగా రాశారు. నీగ్రో బానిసల మీద ఆస్తిహక్కుకి భంగం కలిగించే చట్టం ఏదీ తమ కాంగ్రెసు చెయ్యకూడదన్నారు. ఏ రాష్ట్రపు పౌరుడైనా తన బానిసలతో ఏ రాష్ట్రంలోనైనా తిరగొచ్చన్నారు. అంటే అలా తిరగనివ్వను అనే హక్కు వాళ్ళ రాష్ట్రాలకి లేదు. విడిపోయే హక్కు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

వింత ఏమిటంటే, లింకన్ అప్పటికి ఉన్న చోట బానిసత్వాన్ని ముట్టుకుంటాననలేదు. కొత్త టెరిటరీలకి పాకనివ్వను అన్నాడు, అంతే. ఉన్న రాష్ట్రాల్లో బానిసత్వాన్ని కేంద్రం ఎప్పటికీ కదిలించకుండా ఒక సవరణ కూడా 1861 మార్చిలో కాంగ్రెసు పాస్ చేస్తే, దానికి అభ్యంతరం లేదని ప్రమాణ స్వీకారం రోజున చెప్పాడు. మరి ఎందుకు వెళ్ళిపోయారు? లెక్క వాళ్ళకి తెలుసు కాబట్టి. పది దక్షిణాది రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద పేరు కూడా లేని మనిషి, 40 శాతం లోపు ఓట్లతో, 303లో 180 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నాడు. ఇక తమ ప్రమేయం లేకుండానే అధ్యక్షులు వస్తారు. జడ్జీలనీ పోస్టుమాస్టర్లనీ వాళ్ళే వేస్తారు. బానిసల మొత్తం విలువ 300 కోట్ల డాలర్లకి పైనే అని అంచనా, దేశంలోని రైళ్ళూ ఫ్యాక్టరీలూ కలిపినా అంత లేవంటారు. ఆ ధర నిలబడేది రేపు కూడా బానిసత్వం ఉంటుందన్న నమ్మకం మీద. నమ్మకం పోతే, ఒక్క బానిసనీ విడిపించకపోయినా ఆస్తి కరిగిపోతుంది. పాకకుండా ఆపితే అది ఎప్పటికో చస్తుందన్న విషయంలో లింకన్‌కీ యజమానులకీ తేడా లేదు.

బానిసలు లేనివాళ్ళ సంగతేమిటి? విడిపోయిన రాష్ట్రాల్లో బానిసలున్న కుటుంబాలు మూడోవంతు లోపే. మిగతావాళ్ళు వాళ్ళకోసం ఎందుకు చచ్చారు? జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ 1860 డిసెంబరులో అచ్చువేసిన బహిరంగ లేఖ దీనికి జవాబు. ఆయన ఎక్కువగా మాట్లాడింది పేద తెల్లవాళ్ళతో. బానిసలు స్వతంత్రులైతే మీ పక్కన కూలికి నిలబడతారు, మీతో సమానం అంటారు, అదీ సారాంశం. కులం ఉన్న చోట పుట్టినవాళ్ళకి ఇది అర్థం కావడానికి పెద్ద కష్టం లేదు. కింద ఇంకొకడున్నాడన్న హామీకి మనిషి ఎంత మూల్యమైనా చెల్లిస్తాడు. జోతిరావు ఫూలే 1873లో తన 'గులామ్‌గిరీ'ని బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడంటే, ఆయన ఈ పోలికని ఊరికే చూడలేదు.

1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. లింకన్ 75,000 మంది వాలంటీర్లని పిలిచాడు, వర్జీనియాతో సహా మరో నాలుగు రాష్ట్రాలు అటు చేరాయి. యుద్ధం కథ నేను చెప్పను. ఒక్క ముక్క మాత్రం. విడిపోవడానికి కారణం వేరు, విడిపోనివ్వకపోవడానికి కారణం వేరు. దక్షిణాది బానిసత్వం కోసం విడిపోయింది. ఉత్తరాది మొదట కొట్లాడింది దేశం ముక్కలు కాకూడదని. ఈ రెండిటినీ కలగాపులగం చెయ్యడం వల్లే, లింకన్ సమానత్వం మీద అన్న అరకొర మాటలు చూపించి, చూశారా యుద్ధం బానిసత్వం గురించి కాదు అనడం కుదురుతోంది. ఉత్తరాది లక్ష్యాన్ని మార్చింది ముఖ్యంగా బానిసలే. సైన్యం దగ్గరకొచ్చిన ప్రతిచోటా తోటలు వదిలి వేలమంది శిబిరాలకి నడిచొచ్చారు. వచ్చినవాళ్ళని ఏంచెయ్యాలన్న ప్రశ్న నుంచి 1863 జనవరి 1 ప్రకటన దాకా వెళ్ళింది.

దక్షిణాది వేసిన ఒక లెక్క తప్పడంలో మన పత్తికీ కాస్త చోటుంది. తమ పత్తి ఆగితే మాంచెస్టర్ మూతపడుతుంది, ఇంగ్లండ్ తమవైపు దిగక తప్పదు అనుకున్నారు. లాంకషైర్‌లో కూలీలు నిజంగానే పస్తులున్నారు. కానీ ముందే పోగుపడిన నిల్వలకి తోడు ఈజిప్టు, ఇండియా పత్తి ఓడలెక్కింది. ఇక్కడ ధరలు ఎగిశాయి, బొంబాయిలో షేర్ల పిచ్చి పట్టింది. బళ్ళారి లాంటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో రైతులు పత్తి వేశారు. 1865లో యుద్ధం ఆగింది, ధర పడింది. ఆ తర్వాత ఏమైందో పత్తిరైతుకి చెప్పక్కర్లేదు.

చచ్చినవాళ్ళ సంఖ్య చాలాకాలం 6,20,000 అనేవారు, తర్వాతి అంచనాలు 7,50,000 దాకా వెళ్ళాయి. మొదటి పెద్ద యుద్ధం జరిగిన మనాసస్ మా ఇంటికి దగ్గర. ఆ మైదానం పక్కన డేటా సెంటర్లు కట్టాలా వద్దా అని కొన్నేళ్ళుగా కోర్టుల్లో నలుగుతోంది. వాటిలో నడిచేది మాలాంటివాళ్ళం రాసే కోడే. కొన్నేళ్ళ క్రితం దాకా అలెగ్జాండ్రియాలో నేను కారు నడిపిన రోడ్డు పేరు జెఫర్సన్ డేవిస్ హైవే.

ఓడిపోయాక కారణాలు మారాయి. దక్షిణాది ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో మాట్లాడుతూ, మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్న సత్యమే అని చప్పట్ల మధ్య చెప్పాడు. ఆ మనిషే 1868లో లావుపాటి పుస్తకం మొదటి భాగం వేశాడు. అందులో యుద్ధమంతా కేంద్ర ప్రభుత్వం, సమాఖ్య ప్రభుత్వం అనే రెండు సిద్ధాంతాల మధ్య. మధ్యలో జరిగింది ఓటమి, అంతే. తర్వాతి తరాల పాఠ్యపుస్తకాలకీ విగ్రహాలకీ ఆ రెండో స్టీఫెన్సే పనికొచ్చాడు.

నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నిజాయితీగా కనిపించే కాగితం జార్జియాకే చెందిన హవెల్ కాబ్ 1865 జనవరిలో రాసిన ఉత్తరం. కొత్త దేశం పుట్టిన సభకి అధ్యక్షత వహించినవాడు. అప్పటికి ఉత్తరాది సైన్యంలో నల్లవాళ్ళు లక్షమందికి పైగా చేరి కొట్లాడుతున్నారు. దక్షిణాదికి మనుషులు అయిపోయారు. మనం కూడా బానిసలకి తుపాకులిచ్చి సైన్యంలో పెడదాం అని ప్రతిపాదన వచ్చింది. కాబ్ వద్దన్నాడు. బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పన్నమాటే, అన్నది ఆయన అభ్యంతరం. మార్చి 13న వాళ్ళ కాంగ్రెసు ఆ చట్టం చేసింది, చేరినవాడికి స్వేచ్ఛ ఇస్తామన్న మాట మాత్రం అందులో రాయలేదు. రిచ్‌మండ్ వీధుల్లో కొద్దిమందితో కవాతు మొదలైంది. మూడువారాలకి, ఏప్రిల్ 3న ఆ ఊరు పడిపోయింది. లోపలికి ముందుగా వచ్చిన దళాల్లో నల్లవాళ్ళ రెజిమెంట్లున్నాయి.